ముప్ఫయ్యో జేబు

ఖాళీ అయిన పాలక్యాను చెత్తబుట్టలో వేసేముందు నన్నొకసారి అడగమని, అమెరికాలోని ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో దిగిన మూడో రోజే చెప్పాను. అమ్మాయి, అల్లుడు మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారు. నెల తిరిగేసరికి వాళ్ళ బట్టల అల్మరా అడుగున నాలుగు క్యానులు, రెండు సంచుల గుడ్డముక్కలు, ఒక డబ్బా బొత్తాలు చేరాయి. మాది దూదేకుల ఇల్లు. మా అత్తగారింట్లో అందరం పరుపులూ బొంతలూ కుట్టి బతికాం. నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఒక పాత చీర చేతికిస్తే అందులో ఎన్ని దిండుగలీబులు వస్తాయో కొలబద్ద లేకుండా చెప్పగలను.

ఆ ఏడు రంజాన్ ఆగస్టులో వచ్చింది. నెల మొదలవడానికి మూడు వారాల ముందు ఒక శనివారం, మసీదు పక్క హాలులో తల్లులకూ పిల్లలకూ కలిపి చేతిపనులు పెట్టారు. ఏడేళ్ళ మనవరాలిని తీసుకుని అమ్మాయి వెళ్తుంటే నేనూ కారెక్కాను. అక్కడ బల్లలనిండా రంగుకాగితాలు, మెరుపుపొడి, జిగురుగొట్టాలు. పిల్లలు నెలవంకలు కత్తిరించి నల్లకాగితం మీద అతికిస్తున్నారు. ఒక్కో నెలవంక కోసం ఒక్కో నిండుకాగితం మధ్యలో కోసి, మిగిలింది కింద పడేస్తున్నారు. నేను వంగి ఏరడం మొదలుపెట్టాను.

"ఆంటీ, అవి ట్రాష్. మీరు కూర్చోండి, మావాళ్ళు క్లీన్ చేస్తారు" అంది ఆ పని నేర్పే అమ్మాయి.

"అంచున కోసుకుంటే ఒక కాగితానికి ఆరు వస్తాయమ్మా" అన్నాను. ఆమె మర్యాదగా నవ్వి వేరే బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఇంటికొచ్చేలోపే మనవరాలి నెలవంక కార్లో ఊడిపోయింది. సగం మెరుపుపొడి సీటుకంటింది. పిల్ల మూతి ముడుచుకుంది. "ఊడనిది నేను చేయిస్తా, చేస్తావా?" అని అడిగాను. అలా మొదలైంది ఆ జేబుల గుడ్డ.

చిరిగిన దుప్పటిలో గట్టిగా ఉన్న భాగం కోసి అడుగుగుడ్డ చేశాను. అల్లుడు మోకాళ్ళ దగ్గర చిరిగిందని పక్కన పెట్టిన జీన్స్, అమ్మాయి వెలిసిన చుడీదారు, పిల్లకు పొట్టైన గౌను. వీటినుంచి అరచేయంత ముక్కలు ముప్ఫై. వరసకు ఆరు చొప్పున ఐదు వరసలు. పైఅంచు వదిలి మిగతా మూడువైపులా కుడితే జేబు. మొన వాడి లేని లావుసూదిలో రెండుపేటల దారం ఎక్కించి పిల్ల చేతికిచ్చాను. మొదటి జేబుకు గంటన్నర పట్టింది. కుట్లు చెదిరిన చీమలబారులా ఎటు పడితే అటు వెళ్ళాయి. విప్పించాను. మళ్ళీ కుట్టింది. మళ్ళీ విప్పించాను.

"అమ్మా, అది ఏడేళ్ళ పిల్ల. టైలరింగ్ షాప్ పెట్టిస్తావా ఏంటి?" అంది అమ్మాయి.

"నువ్వు ఐదేళ్ళకే కాజాలు కుట్టావు."

"అందుకేగా ఇప్పుడు బొత్తాం ఊడితే షర్టే మార్చేస్తున్నా."

రంజాన్ నెలలో రోజుకొక జేబు. ఒక్కోదాంట్లో ఒక ఖర్జూరం, ఒక చీటీ. పొద్దున్నే పిల్ల ఆ రోజు జేబులోని చీటీ తీసి అందులో ఉన్న పని చేయాలి, సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళకు ఖర్జూరం తినాలి. మావైపు రంజాన్ ఉపవాసాన్ని ఒక్కపొద్దు అనే అంటాం. నాకు ఇంగ్లీషు రాయడం రాదు, పిల్లకు తెలుగు చదవడం రాదు. అందుకని చీటీలమీద బొమ్మలే వేసుకున్నాం. చెప్పులు వరసగా పెట్టడం, మొక్కలకు నీళ్ళు, కింది ఇంటి ముసలాయనకు మామిడిపండు ఇచ్చి రావడం. కుట్టేసిన నోరు బొమ్మ ఉంటే ఆ రోజంతా ఎవరిమీదా విసుక్కోకూడదు.

"అమ్మా, ఈ నోరు చీటీలు రెండు వెయ్యి. ఒకటి నీకు" అంది అమ్మాయి.

ముప్ఫయ్యో జేబులో ఏం పెట్టాలన్న దగ్గర ఆగాం. పిల్ల పళ్ళెం బొమ్మ వేసి, దానిమీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టింది.

"ఇదేంటే?"

"నా ఒక్కపొద్దు. ఫుల్ డే. నువ్వు చేసినట్టే."

నేను మొదటి ఒక్కపొద్దు పట్టినరోజు మా నాయన నా మెడలో కనకాంబరాల దండ వేసి, నన్ను భుజంమీద ఎక్కించుకుని వీధి తిప్పాడని అంతకుముందు ఎప్పుడో చెప్పాను. పిల్ల ఆ మాట పట్టుకుంది. టెక్సాస్ ఎండ, ఎనిమిదింటికిగాని కుంకని పొద్దు, కుదరదని అమ్మాయి గట్టిగా అంది. నేను మధ్యన పడి తీర్పు చెప్పాను. ఇరవై తొమ్మిది పనులూ ఒక్కటి ఎగ్గొట్టకుండా చేస్తే, ముప్ఫయ్యోనాడు ఒక్కపొద్దు పట్టనిస్తాం. అంతవరకు ఓపిక ఉంటుందిలే, మధ్యలో మరిచిపోతుందిలే అని లోపల అనుకున్నమాట నిజం.

మరిచిపోలేదు. ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. నాకే రెండోవారంలో జ్వరమొచ్చి ఒకరోజు ఒక్కపొద్దు వదిలేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం పిల్ల తన ఖర్జూరం తెచ్చి నా నోట్లో పెట్టి, "నీది వన్ మిస్సింగ్, అమ్మమ్మా" అని లెక్క చెప్పి వెళ్ళింది.

ఇరవై తొమ్మిదోనాడు సాయంత్రం నేను పట్టుబట్టి అందరినీ పార్కింగ్ చివరికి తీసుకెళ్ళాను. మా ఊళ్ళో ఆ సాయంత్రం మగవాళ్ళు మసీదు మేడెక్కి, ఆడవాళ్ళు ఎవరి డాబామీద వాళ్ళు నిలబడి పడమటికి చూసేవాళ్ళు. నెలవంక కనబడితే మర్నాడు పండగ, లేకపోతే ఇంకో ఒక్కపొద్దు. అందుకే మేమెప్పుడూ ముప్ఫైకీ సరిపడా సరుకు సిద్ధం చేసుకునేవాళ్ళం. మిగిలితే వాడుకోవచ్చు, తక్కువ పడకూడదు. ఇర్వింగ్‌లో పడమట హైవే, దానిమీద ఎర్రటి వెలుగు తప్ప ఏమీ కనబడలేదు.

"నో మూన్. రేపు నా ఒక్కపొద్దు" అని పిల్ల గెంతింది.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అత్తమ్మా, పండగ రేపే. పొద్దున ఎనిమిదింటికి నమాజు."

"చంద్రుణ్ణి ఎవరు చూశారు?"

"చూడక్కర్లేదు. లెక్క కట్టి ఈసారి ఇరవై తొమ్మిదేనని నెల ముందే చెప్పేశారు. ఫ్రిజ్ మీద పెట్టాంగా, కేలండర్."

నేను రోజూ ఆ కాగితం ముందు నిలబడి, ఒక్కపొద్దు విడిచే టైము చూసుకునేదాన్ని. అంకెలు నాకు వచ్చు. వరసలు ఎన్నున్నాయో మాత్రం ఒక్కనాడూ లెక్కపెట్టుకోలేదు. రంజాన్ అంటే ముప్ఫైకి సిద్ధపడటమే అన్న అలవాటులో, ఉంటుందో లేదో తెలియని రోజుకు పిల్ల ఆశంతా కట్టాను. ఆ తప్పు నాదే. పండగనాడు ఒక్కపొద్దు పట్టకూడదు, అది మార్చలేని మాట.

పిల్ల గట్టిగా ఏడవలేదు. అదే నాకు కష్టమైంది. ఇంటికొచ్చి గుడ్డముందు నిలబడి, "నువ్వు ప్రామిస్ చేశావ్. ఆ పాకెట్ కత్తిరించేయ్" అంది.

"మంచి కుట్టు నేను కత్తిరించను. పండగ వెళ్ళనీ. జ్వరంలో పోయిన ఒక్కపొద్దు నేనెలాగూ పట్టాలి. శనివారం ఇద్దరం కలిసి పడదాం."

"మళ్ళీ మూన్ మారిపోతే?"

"శనివారాన్ని ఎవరూ మార్చలేరు."

పండగకు కొత్తబట్టలు వేసుకుంది, సేమ్యా తింది, నలుగురిళ్ళకు వెళ్ళింది. బహుమతుల కాగితాలు చింపకుండా విప్పి, మడతలు పెట్టి నాకు తెచ్చిచ్చింది. నేను అడగలేదు.

శనివారం తెల్లవారకముందే లేచి పెరుగన్నం తిని ఒక్కపొద్దు పట్టింది. పదింటికి వచ్చి, "నాకు ఆకలి లేదు" అని చెప్పింది. పదకొండింటికి మళ్ళీ అదే చెప్పింది. పన్నెండింటికి వంటింటి చల్లటి పలకలమీద బోర్లా పడుకుంది. ఒంటిగంటకు పక్కింటివాళ్ళు బాల్కనీలో మాంసం కాల్చడం మొదలుపెట్టారు.

"అమ్మమ్మా, నా కడుపు మాట్లాడుతోంది."

"ఏమంటోంది?"

"పాస్తా అంటోంది." కళ్ళనిండా నీళ్ళు.

"అయితే తిను."

"తింటే ఒక్కపొద్దు పోతుంది."

"పోదు, సగమయింది. మా అమ్మ మాచేత చిన్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నందాకా పట్టించేది. మర్నాడు మధ్యాహ్నంనుంచి పొద్దుకుంకేదాకా పట్టించేది. రెండూ కలిపి కుట్టేస్తే ఒకటి."

పిల్ల లేచి కూర్చుంది. "ఇది రియల్ రూలా, నువ్వు చెప్పిందా?"

"రూల్స్ పెద్దవాళ్ళకు. నీ వయసుకు ఒక్కపొద్దు రూలే లేదు. నీకు మా అమ్మ పెట్టిందే రూలు."

"గ్లూ పెడితే?"

"కారులో ఊడింది చూశావుగా."

నవ్వొచ్చింది దానికి. నేను కత్తెర తీశాను. కత్తిరించనని చెప్పిన చేత్తోనే ముప్ఫయ్యో జేబు ఊడదీసి, నిలువునా రెండు చేశాను. ఎడమ సగాన్ని పిల్లచేత మళ్ళీ గుడ్డకు కుట్టించాను. తర్వాత అది రెండు గిన్నెల పాస్తా తింది.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటనుంచి రెండో సగం. తోడుకు నేనూ ఆ రోజు ఒక్కపొద్దు పట్టాను. నాలుగుదాకా ఆడుకుంది. ఐదింటికి అమ్మాయి, "చాలమ్మా, నీళ్ళన్నా తాగనీ" అంది. పిల్లే, "డోంట్ బాదర్ మీ, మమ్మీ, కుట్టు ఊడిపోతుంది" అంది. ఆరింటికి నీరసపడితే, పండగ కాగితాలు ఇస్త్రీ చేసి ముందరేసుకున్నాం. చిన్న చిన్న గుండ్రాలుగా కోసి, నాలుగు మడతలు పెట్టి, కొస పిండితే పువ్వు. నేను కోసి ఇస్తుంటే అది దారానికి గుచ్చింది. కాసేపటికి కత్తెర తీసుకుని తనే అంచునుంచి కోసింది. ముక్క కింద పడలేదు.

ఫోనులో అజాన్ మోగింది. దండ సగంలో ఉంది. పిల్ల సూది అందుకోబోయింది.

"ముందు ఖర్జూరం. తర్వాతే సూది."

తింది, నీళ్ళు తాగింది, ఊపిరి పీల్చుకుంది. అప్పుడు దండ పూర్తిచేసి, కుడి సగాన్ని తెచ్చి ఎడమదానికి ఆనించి కుట్టింది. వాళ్ళ నాన్న కాగితాల దండ పిల్ల మెడలో వేసి, భుజంమీద ఎక్కించుకుని అపార్ట్‌మెంట్ల చుట్టూ ఒక తిప్పు తిప్పాడు. కింది ఇంటి ముసలాయన ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు.

వాళ్ళు తిరిగొచ్చేలోపు ఆ జేబు చూశాను. మధ్యకుట్టు పాములా మెలికలు తిరిగింది. విప్పడానికి సూది చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ గుడ్డకే గుచ్చేసి, పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసి జేబులో వేశాను. కింద పడలేదు.