అరకు కొండవాలున చోళ్లు మొలిచాయి

ఆషాఢం సగం గడిచినా అరకు లోయలో వాన లేదని కబురు తెచ్చినవాడు లారీ డ్రైవరు. పంపినవాడు మా బావమరిది అప్పన్న. అతనికి అరకు సంతలో ఉప్పు, కిరసనాయిలు అమ్మే దుకాణం ఉంది. "కొండోళ్లు రెండుమార్లు సోళ్లు జల్లినారు, రెండుమార్లూ మాడిపోనాయి. నువ్వు సేత్తన్న ఆ తడుపుడు పని వీళ్లకి సూపించు బావా, బేగి రా" అని చెప్పి పంపాడు. చోళ్లంటే మా వైపు రాగులకు పేరు.

నాది శృంగవరపుకోట దగ్గర మెట్ట సేద్యం; ఆ ఊరిని మేం కోట అనే అంటాం. కిందటేడు చినుకు కరువైనప్పుడు, వ్యవసాయశాఖ ఉద్యోగి ఒకాయన చెప్పిన ప్రకారం విత్తనాలు నానబెట్టి, నీడన ఆరబెట్టి చల్లాను. చుట్టుపక్కల పొలాలు బోసిగా ఉన్నా నా చేను మొలిచింది.

మర్నాడు ఉదయం ఆరింటికి కోటలో బయలుదేరాను. ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట: కొండమీదికి రైలు ఇంకా పడలేదు, సంతకు సరుకు మోసే లారీలే ఆధారం. డ్రైవరు పక్కన చోటు దొరికితే అదృష్టం. నాకు ఉప్పు బస్తాల మీద దొరికింది. పక్కనున్న పసుపు వర్తకుడు నా పని విని, "వానలేని కొండకి ఇత్తనం పని మీద ఎల్తన్నావా? సిత్రంగుంది" అని చుట్ట వెలిగించుకున్నాడు.

అనంతగిరిలో ఇంజను చల్లారేదాకా ఆగాం. చద్దన్నం మూట అక్కడే విప్పాను. రెండు గంటలకు అరకు చేరి, అప్పన్నతో కలిసి కొండవాలున ఉన్న ఊరికి నడిచాను.

ఊరి పెద్ద చనిపోయాక అతని భార్య బుద్రి మాటే ఊళ్లో చెల్లుతోంది. మిగిలిన విత్తనంలో చాలావరకు ఆమె ఇంట్లో, పేడతో అలికిన వెదురుబుట్టలో ఉంది. అదీ పోతే వచ్చే ఏటికి గింజ లేదు.

"తడిపిన ఇత్తనం ఎండితే సచ్చిపోతాది" అంది బుద్రి.

"మొలక బయటికొచ్చాక ఎండితే చస్తుందమ్మా. రాకముందే నీళ్లు వంచేయాలి. అలా చేసిన గింజ చిన్న జల్లుకే లేస్తుంది" అన్నాను.

"నీ మాట తప్పయితే నువ్వు కిందకి దిగిపోతావు. మేమేటి తినాలి?"

"మొలిచేదాకా నేను దిగను."

ఆమె లేచి బుట్ట ముందుకు లాగింది. సగం విత్తనం బుట్టలోనే ఉంచి, తీసిన దాన్ని రెండు పాళ్లు చేసింది. "ఇది తడుపు. ఇది పొడిగానే జల్లుతాం. పక్కపక్కనే."

మర్నాడు పొద్దున కుండలో నానబోసి, ఎండ వాలేవేళకు నీళ్లు వంచి, వసారాలో చాపమీద పలచగా పరిచాం. బుద్రి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని వెలుగులోకి తెచ్చి చూసింది. ఒక్క మొలకా కనబడలేదు. మర్నాటికి గింజ చేతికి పొడిగా తగిలింది. వాలులో రెండు పట్టీలుగా చల్లి, ముళ్లకంపతో మన్ను కప్పాం.

ఆ తర్వాత ఒక జల్లు పడింది. దుమ్ము అణగడానికే సరిపోయింది. మళ్లీ ఎండ కాసింది. అప్పన్న నాతో మాట్లాడడం తగ్గించాడు. అంబలి ఇచ్చే ఆడవాళ్లు కూడా ముంత గడప దగ్గర పెట్టి వెళ్లిపోయేవారు.

ఒక ఉదయం బుద్రి నేనుంటున్న ఇంటి గుమ్మం ముందు నిలబడి, "బాబూ, రా" అంది. ఆమె మొహం చూస్తే ఏమీ తెలియలేదు. వెనకే పరుగులాంటి నడకతో వెళ్లాను.

తడిపి చల్లిన పట్టీ నిండా సన్నని పచ్చటి మొలకలు. పక్క పట్టీలో అక్కడొకటి, ఇక్కడొకటి. బుద్రి మోకాళ్లమీద కూర్చుని వేలితో మన్ను తవ్వింది. పైమన్ను ఎండినా వేరు అప్పటికే కింది చెమ్మను అందుకుంది.

"ఏరు దిగింది" అంది ఆమె. తర్వాత ఊరివైపు తిరిగి తమ భాషలో గట్టిగా కేకేసింది.

ఆ పూటే బుట్టలో మిగిలిన విత్తనమంతా కుండల్లోకి వెళ్లింది. ఇళ్లలో దాచుకున్న కొద్దిపాటి గింజలనూ జనం తెచ్చారు. ప్రతి వసారాలో చాపలు పరిచారు. సాయంత్రం డప్పులు మోగాయి, ధింసా ఆడారు. నన్నూ వరసలోకి లాగారు. అడుగు కుదరక నవ్వులపాలయ్యాను, అయినా వదల్లేదు. నాకంటే అప్పన్న ఎక్కువ ఎగిరాడు.

తర్వాత పడిన చిన్న జల్లులకే వాలంతా పచ్చబడింది. అది కళ్లారా చూశాకే, సంతరోజు మధ్యాహ్నం పన్నెండింటికి తిరుగు లారీ ఎక్కాను. పక్కన వేరే ఊరి కొండామె ఒకతె, ఒళ్లో కోడిపెట్టతో కూర్చుంది. నేను సేద్యగాడినని తెలిసి నావైపు తిరిగింది.

"మీ కాడ వాన నేదా? అయితే ఇను. గింజ పొద్దున నానెయ్యి. మొలక ముక్కు రాకముందే నీళ్లు వంచెయ్యి. నీడనే ఆరబెట్టు, ఎండలో కాదు. మా ఊరోళ్లందరం అదే సేత్తన్నాం."

"ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"బుద్రి. సంతలో అందరికీ సెప్తంది."

తొలిసారి వింటున్నవాడిలా విని, ఎంతసేపు నానాలని కూడా అడిగాను. ఆమె ఓపిగ్గా మళ్లీ మొదటినుంచి చెప్పి, అనంతగిరిలో దిగిపోయింది. లారీ మలుపులు తిరుగుతూ కోటవైపు దిగుతోంది. ఇంతకుముందు ఎన్నో ఊళ్లు తిరిగాను కాని, ఇంత తేలికైన మనసుతో ఏ ప్రయాణం నుంచీ ఇంటికి రాలేదు.