మా రాజయ్య అరగదీసిన ఇనుము

కాజీపేటల రైలెక్కి రెండు దినాలు కూసోని, మా రాజయ్య చదివిన ఇంజినీరింగ్ కాలేజికి ఇయ్యాల చేరుకున్న. ఎవరో సేటు కట్టించిన యూనివర్సిటీ అది. కొడుకు జరమొచ్చి పానం పోయి ఆరు నెలలాయె. వాని సామాను తీస్కపోదామని వచ్చిన.

మిషన్లున్న పెద్ద షెడ్డు కాడ, గుడి లెక్క అనిపిస్తే చెప్పులు విడిచిన. వాని సారు మన ఆదిలాబాదాయన, ఉరికొచ్చిండు. "అవ్వా, చెప్పులేసుకో. ఇనుప రజను కాళ్లల్ల గుచ్చుకుంటది" అన్నడు.

లోపల రెండు ఇనుప ముక్కలు నా చేతుల పెట్టిండు. రాజయ్య ఆకురాయితోని నెల రోజులు అరగదీసినయట. ఒకదాంట్ల ఒకటి కూసోబెట్టి కిటికీకి ఎత్తి చూపిండు. నడుమ నుంచి వెంట్రుకంత వెలుగు సుత రాలే. ఇంట్ల గొడ్డలికి కామ బిగియ్యమంటే వదులు చేసేటోడు, గింత పని నేర్చిండా అనుకున్న.

ఆ ముక్కలు రెండు కొంగుల కట్టుకున్న.

"నీదే అవ్వా, తీస్కపో. కొత్త పిల్లలకు గిట్ల చెయ్యాలెనని గిదే చూపిస్తున్న" అన్నడు సారు.

ముడి ఇప్పి ఆయన చేతులనే పెట్టిన. ఇంటికి పోతే వాని బాపు అడుగుతడు, ఏం తెచ్చినవని. మీరైతే తెచ్చుకుందురా, ఇడిచిపెట్టి వత్తురా?