పావుతక్కువ పదింటి పువ్వు

మా మేనమామ వాచీలు బాగుచేస్తాడు. మెట్ల కింద మూడడుగుల కొట్టు, ఒక బల్ల, కంటికి బిగించుకునే భూతద్దం, ఓ చిన్న పట్టకారు. వారమంతా తలవంచుకుని పళ్లచక్రాలతో కుస్తీపట్టే ఈ మనిషికి, చలి తగ్గి ఎండలు ముదరకముందు వచ్చే నాలుగు ఆదివారాలూ పట్టపగ్గాలుండవు. ఊరి చివర అడవిలోకి పోయి, భూతద్దం పెట్టుకుని, గోరంత పూల ముందు బోర్లా పడుకుంటాడు. ఒకసారి ఎవరో ఆయన స్పృహ తప్పాడనుకుని మొహాన నీళ్లు కొట్టారు. పూలు నలగలేదు కదా అని సంబరపడ్డాడే తప్ప, చొక్కా తడిసిన సంగతి ఇంటికొచ్చేదాకా తెలుసుకోలేదు.

ఆ పూల అసలు పేర్లు ఆయనకు తెలియవు. తనే పెట్టుకున్నాడు. సన్నగా నిటారుగా ఉండే తెల్లది సెకన్లముల్లు, గుండ్రటి పచ్చది పళ్లచక్రం. అన్నిట్లోకీ ముద్దుబిడ్డ ఒక నీలిపువ్వు. పొద్దున్నే పావుతక్కువ పదికి చూస్తుండగానే మొగ్గ విచ్చుకుంటుందట. అందుకని దాని పేరు పావుతక్కువ పది. పదకొండేళ్లుగా అది ఏ ఏడాది ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు విచ్చుకుందో నోటుబుక్కులో రాసిపెట్టాడు.

మా అత్త ఇదంతా నమ్మదు. ఆవిడ బస్సు కండక్టరు. ఆరు రోజులు నిలబడే మనిషిని ఏడోరోజు నడవమంటారా అంటూ పదకొండేళ్లుగా దుప్పటి ముసుగు తీయలేదు. మామ బతిమాలడమూ మానలేదు. ఆవిడ చూడని పువ్వు తను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే అని ఆయన బాధ. చివరికి ఈ ఏడు మెత్తబడింది.

"ఒక్కసారి వస్తాను. అది విచ్చుకోలేదో, జన్మలో నన్ను మళ్లీ అడగకూడదు."

సాక్షిగానూ, టీ ఫ్లాస్కు మోయడానికీ నలభై ఏళ్ల మేనకోడలినైన నన్ను వెంటేసుకున్నారు. మామ రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులేసుకుని పరుగులాంటి నడక నడిచాడు. అత్త అలవాటుకొద్దీ తోలుసంచీ భుజాన వేసుకుంది. తొమ్మిదిన్నరకల్లా మొగ్గ ముందు ముగ్గురం చతికిలబడ్డాం.

సరిగ్గా అప్పుడే మబ్బు పట్టింది.

పావుతక్కువ పదయింది. పదయింది. మొగ్గ ఉలకలేదు, పలకలేదు. మీ బండి లేటండీ అంది అత్త. మామ మొహం పాలిపోయింది. కొట్టుకొచ్చినవాళ్లకు చెప్పీ చెప్పీ నోటికి పట్టేసిన మాట, సొంత పెళ్లాంతోనే అనేశాడు, రేపు రండి అని. అత్తకు నవ్వాగలేదు.

టీ తాగి వెళ్దామంది అత్త. గ్లాసు నోటిదాకా వెళ్లిందో లేదో, మబ్బు తొలిగి ఎండ పడింది. మొగ్గ వణికింది.

"ఏవండీ!"

ఒక రేకు, రెండో రేకు, ఆ తర్వాత అన్నీ ఒక్కసారే. అత్త గ్లాసు వదిలేసి, ఉయ్యాలెక్కిన చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. మామ అప్పటికే నోటుబుక్కు తెరిచాడు.

"పదీ పన్నెండు, ముప్పైనాలుగు సెకన్లు."

"అది సరే. విచ్చుకోవడం చూశారా?"

మామ తలెత్తాడు. పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. నోటుబుక్కు వెనక్కి తిప్పుతూ పోయాడు. పదకొండేళ్లు, పదకొండు వరసలు. రేకు కదలగానే ఆయన కళ్లు ప్రతిసారీ వాచీ మీదికే వెళ్లాయి.

"లేదే," అన్నాడు నెమ్మదిగా. "ఒక్కసారీ చూడలేదు."

అత్త ముందు పకపకా నవ్వింది. తర్వాత మామకూ నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వు తగ్గాక అత్త, టికెట్ అడిగినట్టు చెయ్యి చాపింది. మామ వాచీ విప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తోలుసంచీలో పడేసి, రెండడుగుల అవతల ఇంకా విచ్చుకోని మరో మొగ్గను చూపించింది.

ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకున్నారు. ఆ ఆదివారం ఇల్లు చేరేసరికి ఎన్ని గంటలయిందో నోటుబుక్కులో లేదు.