తవుడుకు కొన్న పేరు

నా చిన్నప్పుడు మా వీధిలో గేదె అరిచిందంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ అరుపు వినగానే నా ఈడు పిల్లలందరూ ఆట మాని నావైపు తిరిగేవారు. "ఒరే తవిటయ్యా, లోపలికి పోరా! గేదె చూసిందంటే మేసేస్తది!" అని ఒకడు కేక వేసేవాడు. మిగిలినవాళ్ళు విరగబడి నవ్వేవారు. ఆ హాస్యం ఏళ్ళ తరబడి సాగినా వాళ్ళకు పాతబడలేదు, నాకు అలవాటూ కాలేదు.

మా ఊరు పలివెలకూ కొత్తపేటకూ నడుమ, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. మా నాన్నగారు సంస్కృతాంధ్రాలు చదువుకున్నవారు. సాయంకాలం మా వీధి అరుగు మీద పిల్లలకు పాఠం చెప్పేవారు. ఎవరి పేరు వారి చేత విడదీయించి, అందులో ఏ మాట ఎక్కడినుండి వచ్చిందో, ఏ దేవుణ్ణి తలుస్తున్నదో వివరించడం ఆయనకు ఇష్టమైన వినోదం. పద్మనాభానికి ఒక రోజు, శ్రీలక్ష్మికి ఒక రోజు. నా వంతు వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని తరువాతి పద్యానికి వెళ్ళిపోయేవారు. కన్న కొడుకు పేరు తప్ప లోకంలో ఉన్న పేర్లన్నిటికీ ఆయన వద్ద అర్థం ఉండేది.

ఒక వేసవిలో, బడులు తెరవగానే నన్ను కొత్తపేట హైస్కూలులో చేర్పించాలని నిశ్చయమైంది. అక్కడ రిజిస్టరులో పడిన పేరు చచ్చేదాకా పోదని ఎవరో నా చెవిన వేశారు. ఇక నాకు తిండి సయించలేదు. జూను రాకముందే పేరు మార్పించుకోవాలి. శశాంకశేఖరం అని ఒక పేరు నాకు నేనే ఎంచుకుని ఉంచుకున్నాను కూడా. నాన్నగారిని అడిగితే, "మీ అమ్మని అడగరా" అని పుస్తకంలో తల దూర్చారు. అమ్మను అడిగితే, "నీ పేరు మార్చే హక్కు నాకు లేదురా. నిన్ను అమ్మేసేను కదా, వెళ్ళి కొన్నమ్మని అడుగు" అంది.

ఆ అమ్మకం సంగతి ఇప్పటివారికి చెప్పాలి. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ ఒక బిడ్డ పుడితే, ఆ పసిగుడ్డును చేటలో వేసి గుమ్మం బయట పెట్టేవారు. కడుపు చలవ గల మరొక ఇల్లాలు వచ్చి, సోలెడు తవుడు కొలిచి ఇచ్చి, ఆ బిడ్డను కొనుక్కునేది. ఆనాటినుండి బిడ్డ ఆమెది. కన్నతల్లి పెంచిపెట్టే మనిషి మాత్రమే. పేరు కూడా కొన్నామె పెట్టాలి, అది ఎంత నాసిగా ఉంటే అంత మేలు. సోలెడు తవుడు ఖరీదు చేసే వస్తువు మీద మృత్యువు కన్ను పడదని వారి నమ్మకం. నాకు ముందు పుట్టినవారు దక్కలేదని నాకు లీలగా తెలుసు. అంతకు మించి ఇంట్లో ఎవరూ ఎన్నడూ నోరు విప్పలేదు.

నన్ను కొన్న ఇల్లాలిని నేను కొన్నమ్మ అనేవాణ్ణి. ఆమెది క్రైస్తవ కుటుంబం. ఆమె తల్లిదండ్రులు మా పొలాల్లో కూలి చేసినవారు. ఆమె చదువుకుని మిషను బడిలో పంతులమ్మ అయింది. భర్త రంగూన్‌లో బియ్యం మిల్లులో కొన్నాళ్ళు పనిచేసి తిరిగి వచ్చినవాడు. కాలువకు ఆవలి పేటలో వారి ఇల్లు. నేను ఏడుపు ముఖంతో వెళ్ళి గోడు వెళ్ళబోసుకుంటే, ముందుగా ఆయనే అందుకున్నాడు.

"ఓస్, అంతేనా బాబూ! మా మిల్లులో ఓ చీనావోడు బంగారంలాటి కొడుకుని కుక్కా, కుక్కా అని పిలిచేవోడు. దెయ్యాలు ఎత్తుకుపోకుండానట. బర్మావోళ్ళకైతే పుట్టిన వారాన్ని బట్టే పేరులో మొదటి అక్షరం. ఇంటిపేరన్నదే లేదు. నీది నయం కదా, తవుడు బలం!"

కొన్నమ్మ ఆయనను కసిరి, నన్ను దగ్గరకు తీసుకుంది. "నా పేరు మరియమ్మ. యూదుల భాషలో దానికి చేదని అర్థమని మా పాదిరీగారు చెప్పేరు. మరి చేదని మా అమ్మ నన్ను ఉమ్మేసిందా ఏంటి?"

"మీ పేరుకి అర్థం పాదిరీగారికి ఒక్కరికే తెలుసు. నా పేరుకి అర్థం గేదెలకి కూడా తెలుసు!" అన్నాను.

ఇద్దరూ పకపకా నవ్వారు. నా దుఃఖం చూసి నవ్వనివారు ఈ ఊళ్ళో ఒక్కరైనా లేరా అని నాకు కోపం రెట్టింపైంది. పేరు మార్చేదాకా కదలనని గుమ్మంలో బైఠాయించాను. కొన్నమ్మ నవ్వు ఆపింది.

"సరేరా అయ్యా. కొన్న వస్తువు తిరిగిచ్చేయొచ్చు. ఆవేళ నేను సోలెడు తవుడు ఇచ్చేను. మీ అమ్మగారి చేత్తో మళ్ళీ సోలెడు కొలిపించి పట్రా. నేను పుచ్చుకున్నానంటే నువ్వు ఆవిడ కొడుకువి అయిపోతావు. అప్పుడు ఆవిడే నీకు నచ్చిన పేరు పెట్టుకుంటారు."

ఆ మాట నాకు పాఠం చెప్పడానికే అన్నదో, నన్ను అప్పటికి వదిలించుకోవడానికి అన్నదో నాకు ఈనాటికీ తెలియదు. ఒక్క పరుగున ఇంటికి వచ్చాను. అమ్మ పెరట్లో కొబ్బరి ఈనెలు చీరుతూ కూర్చుంది. సంగతి చెప్పి, తవుడు కొలవమన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. "పోరా, ఆడుకో" అంది. మళ్ళీ అడిగాను. ఆమె మరో ఈనె అందుకుంది. అరిచాను. నాన్నగారు అమ్మ మీద, అమ్మ కొన్నమ్మ మీద, కొన్నమ్మ తిరిగి అమ్మ మీద తోయడమే గాని, నా గోడు తేల్చే పెద్దమనిషి ఒక్కరూ కనబడలేదు. పశువుల పాకలోకి వెళ్ళి నేనే సోల నిండా తవుడు ముంచుకుని కాలువ గట్టు పట్టాను.

సగం దూరం పోయాక వెనుక కేక వినబడింది. భుజం నిండా పమిట కప్పుకోనిదే వీధి గుమ్మంలో నిలబడని మా అమ్మ, జుట్టు ముడి ఊడిపోయి, గట్టు వెంట పరుగెత్తుకుని వస్తోంది. తోటలో కాయలు ఒలిచేవారు పని ఆపి చూస్తున్నారు. ఆమె అందుకునేలోగా పని ముగించాలని నేనూ పరుగెత్తాను. కొన్నమ్మ వాకిట్లోనే ఉంది. "ఇదిగో, పుచ్చుకోండి" అని సోల చాచాను. ఆమె నా వెనుక వస్తున్న అమ్మను చూసి, చటుక్కున రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. మరుక్షణం అమ్మ నా చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. తవుడంతా మట్టిలో కలిసింది. కోళ్ళు ఉరికి వచ్చాయి.

"పంతులమ్మగారండీ, పుచ్చుకోలేదు కదండీ? చెయ్యి తగల్లేదు కదండీ?"

"ఆయ్, లేదండి అమ్మగారూ. చేతులు వెనక్కే ఉన్నాయి, చూడండి. నా బిడ్డని నేనెందుకు వదులుకుంటానండీ?"

అమ్మ వాకిట్లోనే కూలబడింది. నా కోపం అప్పటికీ చల్లారలేదు. "అందరి పిల్లలకీ మంచి పేర్లుంటాయి, నాకే ఎందుకు పెట్టలేదు?" అని ఆమె మీద విరుచుకుపడ్డాను.

"పెట్టేంరా, మంచి పేర్లే పెట్టేం" అంది అమ్మ, మట్టిలోని తవుడు వైపు చూస్తూ. "మీ నాన్నగారు పుస్తకాలన్నీ తిరగేసి పెట్టేరు. పెద్దాడు సుధాకరం. రెండోవాడు విద్యాధరం. ఆడపిల్ల అమృత. చావు లేనిదని అర్థమట. నెల తిరక్కుండా పోయింది. ఇంకేం మంచి పేరు పెట్టమంటావురా నీకు?"

ఆ ముగ్గురి పేర్లూ నేను వినడం అదే మొదలు. మళ్ళీ ఎన్నడూ ఆమె నోట వాటిని వినలేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆమె నా మణికట్టు వదలలేదు. గాజులు ఒత్తుకుని నొప్పి పుట్టినా నేను విడిపించుకోలేదు.

కొత్తపేట రిజిస్టరులో తవిటయ్య అనే పడింది. అక్కడి పిల్లలు కూడా నవ్వారు. ఆ రోజుతో నా కోపం కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది గాని, అది అబద్ధం. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గదు. అంతవరకు అమ్మ మీద కోప్పడే వీలైనా ఉండేది, ఆ తరువాత అదీ పోయింది. సోలెడు తవుడుకు మోసపోయే మృత్యువు మీద, అంత చౌకగా మోసపోయేది ముందు ముగ్గురి విషయంలో ఎందుకు మోసపోలేదన్న అక్కసు మాత్రం మిగిలింది.

పిమ్మట నేనూ తెలుగు పండితుణ్ణి అయ్యాను. ఊరిలో ఎవరికి బిడ్డ పుట్టినా పేరు కోసం నా వద్దకు వస్తారు. మొన్న మా మనుమరాలు అమలాపురం నుండి పసిపాపను ఎత్తుకుని వచ్చింది. ఫోనులో చూసి ఏవో పేర్లు చదివింది. "ఇది ఏ భాషమ్మా? దీనికి ధాతువేది?" అని విసుక్కున్నాను. "యూనిక్‌గా ఉంటుంది తాతయ్యా" అంది. చివరకు తానూ విసిగి, "పోనీ, మీకు నచ్చేదే పెడదాం. అమృత. ఇప్పుడు అందరూ పెడుతున్నారు, అర్థం కూడా బాగుంది కదా" అంది.

వద్దన్నాను. ఎందుకని అడిగింది. వ్యుత్పత్తిలో దోషం లేదు, ఉచ్చారణలో కష్టం లేదు. పాలు తాగి నిద్రపోతున్న పాపను ఒళ్ళో పెట్టుకుని ఉన్న బాలింతకు ఆ కారణం ఏ నోటితో చెప్పను? వద్దంతేనని కసిరాను.

"కొత్తదీ నచ్చదు, పాతదీ నచ్చదు. మీతో వేగలేం తాతయ్యా!" అని ముఖం ముడుచుకుని లేచి వెళ్ళిపోయింది. చాదస్తమనుకుంది. అనుకోనీ.

ఇన్ని శాస్త్రాలు చదివాను, ఇందరికి పేర్లు పెట్టాను. అయినా పసిబిడ్డను ఒక చక్కని పేరుతో ఎవరైనా పిలిస్తే నా గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంటుంది. ఆనాడు మా అమ్మకు ఉన్న భయమే ఇది, ఇప్పుడు నాది. సోలెడు తవుడు ఇచ్చి ఈ భయాన్ని కొనుక్కుపోయే ఇల్లాలు ఈ కోనసీమలో ఇక లేదు.