మడుగు గట్టున తుమ్మకంప

“కంపకు కట్టిన పేలిక ఎవరు విప్పిండ్రో ఇప్పుడన్న చెప్పు,” అన్నాను.

“నాకేం ఎరుక? తలకింద ఇంకో బొంత పెట్టు,” అన్నాడు మా ఆయన.

పెట్టాను. కరెంటు ఫ్యాక్టరీ పొద్దుటి సైరన్ కూసేలోపు ప్రాణం పోయింది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. నాకు సంతకం తప్ప రాదు. నేను చెప్తుంటే మరిది కూతురు రాస్తోంది.

మాది కృష్ణ ఒడ్డు. వలేసి బతికినవాళ్లం. ఫ్యాక్టరీ గొట్టాలు లేచాక కూడా మా మడుగులో నీటికుక్కలు మిగిలాయి. గట్టు కింద బొరియల్లో పిల్లలు పెడతాయి. పెట్టాయని తెలిస్తే పైన గట్టు మీద తుమ్మకంప నాటి, దానికి పాతచీర పేలిక కట్టడం మా వాళ్ల కట్టుబాటు. పేలిక కనబడితే మడుగులో వల పడదు, గట్టు మీద బండి నడవదు. పిల్లలు ఈత నేర్చాకే కంప తీసేది. పేలికను చింపకూడదు, విప్పి, మడిచి, రాయికింద పెట్టాలి. మా మామ తర్వాత ఆ పని మా ఆయనది. చీర నాది.

“నీ ఆడబిడ్డలొచ్చిండ్రు వదినా, చాపల పులుసు పెట్టవా?” అని నీటికుక్కల్ని చూపించి మరుదులు ఎగతాళి చేసేవాళ్లు. వలలు చింపుతాయని తిట్టుకునేవాళ్లు కూడా కంప జోలికి పోయేవాళ్లు కాదు.

ఒక చలికాలం మా ఆయనే పిలిచి చూపించాడు. తల్లి నోట చేపతో బొరియలోకి దూరింది, లోపల కిచకిచలు. “చప్పుడు జెయ్యకు,” అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా అట్లా పట్టుకోలేదు.

వారం తిరగలేదు. బట్టలు ఉతకబోతే గట్టు కూలి ఉంది. ఇసుక ట్రాక్టర్ల చక్రాల జాడలు నీళ్లదాకా ఉన్నాయి. బొరియలు మట్టికింద. తల్లి ఈల వేసినట్టు అరుస్తూ నీళ్లలో అటూ ఇటూ తిరుగుతోంది. కంప పక్కన పడి ఉంది. నా పేలిక మడిచి, రాయికింద పెట్టి ఉంది.

“ఎవడో తీసిండు,” అన్నాడు మా ఆయన బువ్వ కలుపుకుంటూ.

“ట్రాక్టరోడు పేలిక మడిచిండా?”

“నోరు మూసుకొని చారు పొయ్యి.”

ఫ్యాక్టరీ గేటు కాడ నౌకరీ ఇప్పిస్తానని ట్రాక్టర్ల షావుకారు ఆయన్ను వెంట తిప్పుకున్నాడు. ఊరంతటికీ తెలుసు, నాకే ఆఖర్న తెలిసింది. కంప లేకపోతే పిల్లలు వెళ్లిపోయాయనుకుని ఊరివాళ్లు బండ్లకు అడ్డుపడరు, అది షావుకారుకు ఎవరు చెప్పాలి? నౌకరీ రాలేదు. నీటికుక్కలూ మళ్లీ రాలేదు.

షావుకారు మీద నాకంత మంట లేదు. వాడు నా పక్కన కూర్చుని పిల్లల్ని చూపించలేదు. ‘నేనే విప్పిన’ అని మా ఆయన ఒక్కసారంటే తిట్టి, ఏడ్చి, ఊరుకునేదాన్ని. పోయేటప్పుడు కూడా బొంతే అడిగాడు.

“పెద్దమ్మా, చచ్చినోళ్ల మీద గిట్ల రాస్తరా? ఎవరో విప్పిండ్రని రాస్త,” అంటోంది ఈ పిల్ల.

ఎవరో ఏందే? మీ పెద్దనాయిన. గట్లనే రాయి. రాసినవా? ఏదీ, చదువు, వింట.