నల్లగుర్రానికి శనివారం వస్తే

కొండలెక్కే గుర్రాన్ని తయారు చెయ్యమన్నాడు మానస్ దా. బాగానే ఉంది. కలకత్తాలో కొండ ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అందరూ దా, అంటే అన్న, అని పిలిచే ఈ మానస్‌కి హేస్టింగ్స్ దగ్గరున్న చిన్న గుర్రపుశాలలో జ్యోతిరాణి చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. తండ్రి సూరన్న కార్పొరేషన్‌లో చీపురు పట్టి రిటైరైన మనిషి. ఖిదిర్‌పూర్‌లో తండ్రీకూతుళ్లు ఇద్దరే ఉండే ఇంట్లో ఇప్పుడు వంటంతా ఆయనదే. చిన్నప్పుడు మైదానంలో గుర్రాల వెంట తిరుగుతోందని ఆయన ఎంత తిట్టినా జ్యోతిరాణి మానలేదు. చివరికి ఆ తిరుగుడే ఉద్యోగమైంది.

మేఘ్లా నల్లటి ఆడగుర్రం. గిట్ట పాడై, అది మానేదాకా వానాకాలమంతా కొట్టంలోనే నిలబడి, తినడం తప్ప వేరే వ్యాపకం లేక పీపాలా తయారైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. శీతాకాలం వస్తే మానస్ దా పురూలియా కొండదారుల్లో జనాన్ని గుర్రాల మీద తిప్పుతాడు. "ఇది కొండ ఎక్కితే ఉంచుతాను, లేదంటే బండివాళ్లకి ఇచ్చేస్తాను" అని తేల్చేశాడు. బండి అంటే విక్టోరియా మెమోరియల్ ముందు తారురోడ్డు మీద పొద్దస్తమానం జనాన్ని లాగడం. ఆ గిట్టతో అది ఎన్నాళ్లు లాగగలదో జ్యోతిరాణికి తెలుసు. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

బలిసిన గుర్రాన్ని ఒక్కసారిగా పరిగెత్తిస్తే కాళ్లు పోతాయి. ముందు వీపు మీద ఎవరూ ఎక్కకుండా, పగ్గం పట్టుకుని పక్కనే నడిపించాలి. కొన్నాళ్లు మెత్తటి గడ్డి మీద, తర్వాత గట్టినేల మీద. ఊపిరి కుదుటపడ్డాక గబగబ అడుగులు. అదీ అలవాటయ్యాకే జీను, ఆ పైన ఎత్తు. ఎత్తంటూ ఏదీ లేని ఊళ్లో ఆమెకు దొరికింది గంగ ఒడ్డున మట్టికట్ట. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. చూసినవాళ్లు నవ్వుకున్నారు. గుర్రం నడిచిన ప్రతి అడుగూ తనూ నడిచింది. దాని పొట్ట కొంచెం కొంచెంగా తగ్గుతోంది గానీ, చిత్రంగా ఈమె కుర్తాలు బిగుతవుతున్నాయి. అదొక ఒళ్లుమంట.

అసలు మంట శనివారాలది. వారమంతా చెమటోడ్చి గుర్రాన్ని ఒక దారికి తెస్తుంది. శనివారం తెల్లారేసరికి కొట్టం ముందు జనం. నల్లగుర్రానికి ఆ రోజు నల్లసెనగలూ బెల్లమూ పెడితే శని వదులుతుందట! ఖిదిర్‌పూర్ చేపలమ్మే అమ్మ దగ్గర్నుంచి సాల్ట్ లేక్ నుంచి క్యాబ్ వేసుకొచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల దాకా, ఊళ్లో అందరి శనీ మేఘ్లా పొట్టలోకే. "ఒక్క గుప్పెడే దీదీ" అంటారు. అందరి గుప్పెళ్లూ కలిస్తే బస్తా అవుతుందని ఎవరికి చెప్పాలి? చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, శనివారాలు చీకటితోనే మేఘ్లాని కట్ట మీదకు తోలుకుపోయి, జనం పలచబడ్డాక తేవడం మొదలుపెట్టింది.

అలా తిరిగొచ్చిన ఒక శనివారం, కొట్టం గుమ్మంలో తువ్వాలు మూటతో కన్నతండ్రే నిలబడి ఉన్నాడు.

"నువ్వేటి నాన్నా ఇక్కడ?"

"నీకు ఏలినాటి శని నడస్తంది కదే గుంటా. గుర్రాలతో పని. పడిపోతే ఏటి గతి?"

"నా శని సంగతి ఒగ్గీ. దీనికి పట్టిన శనివి నువ్వే! తింటే బలుస్తాది, బలిస్తే బండికి పోతాది. ఇంకొక్క గింజ ఎట్టినావంటే నానూరుకోను."

"సర్లే, ఎట్టన్లే" అన్నాడు సూరన్న.

అన్నాడే గానీ, మరుసటి శనివారం మళ్లీ అదే మూట. ఆ పై శనివారమూ అంతే. కూతురు గుర్రం చెమట తుడవడానికి గుడ్డకోసం లోపలికెళ్లిన కాసేపట్లో గుర్రానికి దండం పెట్టుకుని, మూట పట్టుకుని వెళ్లిపోయేవాడు. మేఘ్లా కట్ట మీద రొప్పినప్పుడల్లా జ్యోతిరాణి ఇంటికొచ్చి ఆయన్నే దులిపేది. ఆయన తల వంచుకుని వడ్డిస్తూ ఉండేవాడు.

చలి మొదలయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం మానస్ దా తనే జీను ఎక్కాడు. కట్ట ఎక్కించాడు, దింపాడు, ఆపకుండా మళ్లీ ఎక్కించాడు. జ్యోతిరాణి కింద నిలబడి గోళ్లు కొరుక్కుంది. ఆయన దిగి, దవడ కింద చెయ్యిపెట్టి నాడి చూసి, ముక్కుపుటాలు చూసి, "పనికొస్తుంది. కొండకి తీసుకెళ్దాం" అన్నాడు. జ్యోతిరాణి మేఘ్లా మెడలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

సాయంత్రం కంచం ముందు కూర్చుని ఆ కబురు చెప్పింది. సూరన్న రెండు చేతులూ జోడించాడు. "అంతా శనీశ్వరుడి దయ."

అంతటితో ఆమె ఓపిక నశించింది. "దయా? కాళ్లరిగేలా నడిసింది నాను! నువ్వు శనివారం శనివారం సెనగలు మేపకపోతే అదెప్పుడో ఎక్కీసును!"

"నానేటి మేపినాను? నువ్వొద్దన్నాక ఒక్క గింజ ఎట్లేదు."

"మరి మోసుకొచ్చిన మూటలన్నీ ఏటయినాయి?"

సూరన్న ఆమె కంచం వైపు చూశాడు. కంచంలో తాలింపు వేసిన గుగ్గిళ్లు, పక్కన బెల్లంముక్క. జ్యోతిరాణి చెయ్యి ఆగిపోయింది. పోయిన శనివారమూ గుగ్గిళ్లే. అంతకు ముందూ అవే. నడిచి నడిచి నకనకలాడుతూ వచ్చి, అడిగి మరీ మారు వడ్డించుకుంది.

"దాని ముందెట్టి దండమెట్టి తెచ్చీసీవోణ్ణి" అన్నాడు సూరన్న. "అదెంత నడిసిందో నువ్వూ అంతే నడిసినావు కదే. దానికి ఎట్టొద్దంతివి. మరి నీకైనా ఎట్టాల కదా?"

జ్యోతిరాణికి ఇన్నాళ్లూ ఆయన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చి తల దించుకుంది. దించుకున్న కళ్లకి పిగులుతున్న కుర్తా కుట్లు కనిపించాయి.

"అయితే నా కుర్తాలు పట్టకపోడం నీ పనేనా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. అరిచి, కళ్లు తుడుచుకుని, కంచం ముందుకు జరిపింది.

"ఇంకో గరిటెడు ఎయ్యి."