పసుపు పట్టిన పన్ను

మా సైన్సు సారు పోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చెప్పింది. పొద్దున పంక్చరు దుకాణం షటరు ఎత్తి చూస్తే, ఎదురుగా కొత్తకోట చౌరస్తాలో రెండు స్తంభాల మధ్య సారు వేలాడుతున్నారు. చేతిలో డైనోసారు పన్ను. పక్కనే ఆయనకు రెండింతల సైజులో, చేతులు జోడించి, క్రషర్ యజమాని. కింద ఎర్రక్షరాలు: "మా క్వారీలో దొరికిన డైనోసారు దంతాన్ని గుర్తించిన గురువుగారికి కన్నీటి నివాళి."

చచ్చిన మనిషి లేచి వచ్చి కాదనలేడని ఎంత ధైర్యం! సారు లేకపోతే ఏమైంది, నేనున్నాను. ఆ పన్ను చూసిన రోజు యజమాని ఇంట్లో సారు పక్కనే నిలబడ్డవాణ్ని. అందుకే ఇది రాస్తున్నాను. సారు ఆత్మశాంతి కోసం కాదు. శాంతంగా ఉండే అలవాటు ఆయనకు బతికున్నప్పుడే లేదు.

పదో తరగతిలో నేను తప్పింది ఆయన సబ్జెక్టే. నా కుడి చెవి ఎడమ చెవి కంటే కాస్త పొడుగు. అది ఆయన చేతిపని. రిటైరయ్యాక రోజూ నా దుకాణం బెంచీ మీద కూర్చుని, నా చాయ్ తాగుతూ, నన్నే తిట్టేవారు. జేబులో ఎప్పుడూ ఏదో ఒక రాయి. ఎవరైనా చేనులో వింత రాయి దొరికిందని తెస్తే, ముందు కళ్లద్దాలు తుడిచేవారు, తర్వాత రాయిని నాలుకకు ఆనించేవారు. ఎముక రాయిగా మారినా దానిలోని సన్న రంధ్రాలు తడిని పీల్చి నాలుకను పట్టుకుంటాయట. ఉత్త రాయి పట్టుకోదట.

ఇది చూసి ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? బట్టల సబ్బును ఎముకలా చెక్కి, బూడిదలో దొర్లించి, బావి తవ్వుతుంటే దొరికిందని ఆయన చేతిలో పెట్టాను. సారు నాకారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"అరేయ్ కోతీ, గిది చాన అరుదైనదిరా. మంచిగ అతుక్కుంటాంది. నువ్వు సుత జర నాకి చూడు."

సారే అంతమాట అన్నాక, సబ్బుకు బూడిదలో ఏమైనా మహత్తు వచ్చిందేమోనని నేనూ నాకాను. బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు. సారు తీరిగ్గా నోరు పుక్కిలించి అన్నారు: "నాలుక పెట్టి చూడంది ఎవని మాట నమ్మకురా. నా మాట సుత."

ఉద్యోగమంతా ఆయన పోగుచేసిన రాళ్లు బడిలో సైన్సు గదిలో ఉండేవి. కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆ గది ఏదో ఆఫీసు ఫైళ్లకు కావలసి వచ్చింది. రాళ్లను గోడ పక్కన పారబోశారు. నేనూ సారూ వాటిని యూరియా బస్తాల్లోకి ఎత్తి ఆయన ఇంటి వరండాలో పెట్టాం. ఆ తర్వాత ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: ఆ రాళ్లకు ఓ గది, పిల్లలు వచ్చి చూసే గది.

ఆ సంగతి క్రషర్ యజమానికి తెలుసు. అందుకే ఒక దసరా వెళ్లాక సారును పిలిపించాడు. నా బండి మీద వాళ్లింటికి తీసుకెళ్లాను. హాలు నిండా గాజు బీరువాలు. దుప్పి కొమ్ములు, తుప్పు పట్టిన తుపాకులు, ఎవరి తాతలవో గడియారాలు. మధ్యలో మెత్తటి గుడ్డ మీద అరచేయంత పన్ను. ఓ పక్క కెమెరా పట్టుకుని ఫొటోగ్రాఫరు.

"మన క్వారీల దొరికింది సారూ. డైనోసారుదేనని మీరొక్క మాటంటే చాలు. కొత్త హోటల్ల పెడుత. హైవే మీద పోయేటోళ్లంత దిగి చూడాలె."

సారు కళ్లద్దాలు తుడిచారు.

"పటేలా, మన గుట్టలు కుంపట్ల పుట్టినయి. భూమి కడుపుల కరిగి, సల్లారి గడ్డకట్టిన రాయి ఇది. కుంపట్ల కోడి గుడ్డు పెడుతదా?"

"దొరికిందంటున్న గద సారూ!"

"దొరికే ఉంటది. ఏ దుకాన్ల?"

నాకు నవ్వాగలేదు. యజమాని నా వైపు చూసిన చూపుకు లారీ టైరైనా పేలిపోయేది.

సారు పన్నును కిటికీ వెలుతురుకు పట్టారు. వంపు తిరిగి, అంచు వెంట సన్నటి రంపంలా ఉంది. "పన్ను నిజమైందే. మాంసం తినే డైనోసారుది. గీ రంపం జూడు, కోసుకోని తినేది."

యజమాని మొహం వెలిగింది. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. సారు పన్నును తిప్పి, వేరు వైపు నాలుకకు ఆనించబోయి ఆగిపోయారు.

"దసరాకు దీనికి పూజ చేసినవా పటేలా?"

"చెయ్యకుంట ఉంటమా? లారీలకు, క్రషర్‌కు చేసినట్టే దీనికి సుత పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినం. మల్ల మంచిగ తుడిపిచ్చిన."

"తుడిస్తే మీది సగం మెరుస్తాంది. కింది సగం పసుపు తాగి కూసున్నది. ఎముక లెక్క కాదు, పన్ను పసుపు తాగదు పటేలా, మీద గాజు లెక్క పెంకుంటది. తాగింది ఇసుక, బంక. ఇరిగిన పన్నుకు ఎవడో కింది సగం అతికిచ్చి అమ్మిండు." పసుపు మొదలైన చోట గోరు ఆనించారు. "గిదో, గిక్కడ. పన్ను నిజం, వేరు అబద్ధం."

సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు బటన్ నొక్కాడు.

యజమాని కోపం మింగి గొంతు తగ్గించాడు. "సరే సారూ, కొన్నదే అనుకోండ్రి. హోటల్ల మీ రాళ్లకు ఒక గది ఇస్త. అద్దాల బీరువాలు, మీ పేరు మీద బోర్డు. పిల్లలొచ్చి చూస్తరు. మీరు ఔ అనుండ్రి, అంతే."

సారు చూపు గాజు బీరువాల మీదికి పోయింది. అవునంటారేమోనని భయపడ్డాను. అనాలనీ కోరుకున్నాను. ఆ బస్తాలు మోసిన నడుము నాది కదా.

"నా రాళ్లు చూడొచ్చిన పిలగాడు ముందుగాల దీన్ని చూస్తడు పటేలా. మల్ల నా రాళ్లను ఎట్ల నమ్ముతడు?" పన్నును గుడ్డ మీద పెట్టేశారు. "చాయ్ వద్దు. వీని దుకాన్ల తాగుత."

దారిలో నేను ఊరుకోలేదు. "ఒక్క మాట సారూ! అంటే ఏం పోయేది?" వెనక కూర్చుని నా పొడుగు చెవి పట్టి తిప్పారు. పెళ్లీడు బిడ్డ ఉన్న తండ్రిని, నడి హైవే మీద! బండి వంకర పోయింది.

"ముందుకు చూసి నడుపు కోతీ," అన్నారు.

ఇప్పుడు ఆయన పోయారు. రాళ్లు ఇంకా యూరియా బస్తాల్లోనే ఉన్నాయి. దహనం దగ్గరికి యజమాని మోయలేనంత దండ తెచ్చి, "మా క్వారీ పేరు నిలబెట్టిన సారు," అని నలుగురి ముందు కళ్లు ఒత్తుకున్నాడు.

"పటేలా, దసరా పసుపు పోయిందా, ఇంక ఉన్నదా?" అని అడిగాను. కళ్లు వెంటనే ఆరిపోయాయి.

తిరిగి వచ్చాక ఫ్లెక్సీని దగ్గరికెళ్లి చూశాను. ఆ రోజు తీసిన ఫొటోనే. పన్ను మీద పసుపు లేదు. కంప్యూటర్లో తుడిపించి, పై నుంచి కింది దాకా ఒకటే మెరుపు పెట్టించాడు. సారు వేలు తుడిపించడం మాత్రం మరిచాడు. ఆ గోరు సరిగ్గా అతుకు మీదే ఉంది.

మర్నాటికి ఎవరో నిచ్చెన వేసి, ఆ గోటి దగ్గర మొదలుపెట్టి కిందికి చిక్కగా పసుపు పూశారు. ఎవరో నాకెట్లా తెలుస్తుంది? పంక్చరు సొల్యూషన్‌లో కలిపి పూసినట్టున్నారు, వాన పడ్డా పోలేదు. లారీ వెళ్లినప్పుడల్లా ఫ్లెక్సీ ఊగుతుంది. సారు గోరు ఆ పసుపు మీది నుంచి కదలదు.